పాయకి బారసాల

తొంభై ఆరు తుఫానులో మొగలిపూడి వంతెన సాయంత్రం పోయింది. ఉమామహేశ్వరరావు మాస్టారి భార్య జానకమ్మగారు తెల్లవారుజామున పోయేరు. అమలాపురం ఆసుపత్రికి అవతలి గట్టు మీదుగా వెళ్ళాలి. ఈ మూడు సంగతులనీ మాస్టారు ఎప్పుడూ ఎవరితోనూ ఒక్కసారిగా చెప్పలేదు. నష్టాలు రాసుకోడానికి వచ్చిన ఉద్యోగి "మీకేం పోయిందండీ?" అని అడిగితే, "వంతెనండి" అన్నారు.

వంతెనంటే మహా కట్టడమేం కాదు. తాటిదూలాలు, వాటిమీద చెక్కలు. పట్టుకోడానికి ఒకపక్క వెదురుబొంగు, రెండో పక్క భగవంతుడు. అయినా దానిమీదనుంచే మొగలిపూడి బస్సెక్కేది, బజారుకెళ్ళేది, పురుడు పోసుకునేది. అది పోయేక నాటుపడవ మిగిలింది. గోదారికి నీరొస్తే పడవ కట్టేస్తారు. అందుచేత మాస్టారు ఏటా ఒకసారి ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళి వంతెన వెయ్యమని అడుగుతూ వచ్చేరు. బళ్ళో పిల్లలకి వ్యాసం నేర్పినట్టు, ఒక్కమాట ఎక్కువ లేకుండా, ఒక్కమాట తక్కువ లేకుండా అడిగేవారు.

ఇంజనీరు సుదర్శన్‌గారు మర్యాదస్తులు. నిలబడి కుర్చీ వేసేవారు.

"మీరు అడిగే పద్ధతి చాలా బావుంటుందండి మాస్టారూ. వినాలనిపిస్తుంది. కాని చిన్న ఇబ్బందుందండి. మీ మొగలిపాయ మా ఆఫీసు పటంలో ఉంది. దానికి ఇవతలి గట్టు ఉంది. అవతలి గట్టు లేదండి."

"అవతలి గట్టు లేకుండా పాయెలా ఉంటుందండీ?"

"ఉండదండి. అదే ఇబ్బంది. అవతలి గట్టు అవతలి డివిజను వారిది. వారి పటంలో నేరేడుపాయ అని ఉంది. దానికి ఇవతలి గట్టు లేదు."

విషయం ఏమిటంటే, గోదావరి పాయలకి ఋషుల పేర్లున్నాయి. ఇది పాయలోంచి చీలిన పాయ. దీనిదాకా వచ్చేసరికి ఋషులు అయిపోయేరు. ఇవతల మొగలిపూడివాళ్ళు మొగలిపాయ అన్నారు. అవతల నేరేడులంకవాళ్ళు నేరేడుపాయ అన్నారు. నీళ్ళని ఎవరూ అడగలేదు.

"రెండూ ఒకటేనండి" అన్నారు మాస్టారు.

"ఆ మాట మీరు నోటితో అంటున్నారండి. పటాల్లో రెండు పాయలున్నాయి. రెండు పాయలున్నప్పుడు మధ్యలో లంకొకటి ఉండి తీరాలి కదండీ! ఆ లంక కనబడనివ్వండి. ఇవతలినుంచి మేమో వంతెన, అవతలినుంచి వారో వంతెన దానిమీదకి దింపేస్తాం."

అన్నంత పనీ చేసేరు. లంకని వెతకడానికి సర్వేవాళ్ళు వచ్చేరు. పడవలో తిరిగేరు, గొలుసులు లాగేరు, కొబ్బరిబొండాలు తాగేరు. లంక దొరకలేదు. వరదకి కొట్టుకుపోయి ఉంటుందని నిర్ధారించేరు. ఆ సంగతి తెలిసి, కొట్టుకుపోయిన లంకలో తమ కొబ్బరితోట ఉండేదంటూ ఇద్దరు రైతులు నష్టపరిహారానికి వచ్చేరు. వాళ్ళలో ఒకాయన తోటకి దారి విషయంలో రెండో ఆయనతో తగువు కూడా పెట్టుకున్నాడు.

"అసలు మీ ఇంట్లో దాన్ని ఏమంటారండీ?" అని అడిగేరు సుదర్శన్‌గారు ఒకసారి, ఊరికే.

జానకమ్మగారిది నేరేడులంక. మాస్టారు కిటికీలోంచి బయటికి చూసేరు.

"మా ఇంట్లో రెండూ అనేవాళ్ళమండి."

"చూసేరా! మీ ఇంట్లోనే తేలలేదు" అన్నారు సుదర్శన్‌గారు జాలిగా. "ముందు పేరు తేలాలండి."

ఇలా ఏడేళ్ళు గడిచేయి. రెండువేల మూడులో, పుష్కరాలు రెండు నెలలున్నాయనగా, మంత్రివర్గాన్ని విస్తరించేరు. ఉన్న శాఖలన్నీ పంచేసేక తాతాజీగారొక్కరూ మిగిలిపోయేరు. ఆయనకోసం పాయలు, లంకల అభివృద్ధి శాఖ పుట్టింది. శాఖకి బడ్జెట్టు లేదు, కారుంది. ఆ కారులో అమలాపురం వచ్చి, బంగళా మెట్లమీద నిలబడి, తాతాజీగారు ఒక ప్రకటన చేసేరు.

"ఈ గడ్డమీద ఒక నది పేరు లేకుండా ప్రవహించడాన్ని మా ప్రభుత్వం సహించదు."

తాతాజీగారు దూరదృష్టి గలవారు. దగ్గరవి ఆయనకి అంతగా ఆనవు. కాని ఒకసారి పూనుకుంటే వదిలిపెట్టే మనిషి కాదు. ఆ మధ్యాహ్నమే బంగళాలో రెండు ఊళ్ళ సర్పంచుల్నీ, సిద్ధాంతిగారినీ, సుదర్శన్‌గారినీ పిలిపించేరు. ఎప్పట్నుంచో తిరుగుతున్న మనిషి కదా అని మాస్టారిని కూడా పిలిచేరు.

"పేరు లేని పిల్లవాణ్ణి మీ బళ్ళో చేర్చుకుంటారా మాస్టారూ?" అన్నారు మంత్రిగారు.

"చేర్చుకుంటామండి. పేరు తరవాత అడుగుతాం. ముందు వాడు బడికి రావాలి కదండీ."

"అదీ! చేర్చుకోరు" అన్నారు మంత్రిగారు అందరివేపూ చూసి. "ఇప్పుడు పేరెలా పెట్టాలి?"

"బారసాల చెయ్యాలండి" అన్నారు సిద్ధాంతిగారు. ఆయన ఆ రోజుకి పంచాంగంతో పాటు కొంచెం జలుబుతో కూడా వచ్చేరు. మాట అనేసి ముక్కు తుడుచుకున్నారు గాని, అప్పటికే మంత్రిగారి ముఖం వెలిగిపోయింది.

కోనసీమలో ఏ పని చేసినా మర్యాద తప్పకూడదు. ఆ ఊళ్ళ ఆచారం ప్రకారం బిడ్డకి పేరు పెట్టే హక్కు మేనత్తది. ఊయల, పట్టుబట్ట, భోజనాలు మేనమామవి. అందుచేత రెండు ఊళ్ళూ మేనత్తలమన్నాయి. మేనమామనని ఒక్కరూ అనలేదు.

"మేనత్తని నేనేనండి" అన్నారు మొగలిపూడి సర్పంచి సూరయ్యగారు, మీసం సవరించుకుంటూ.

"అద్దం చూసుకున్నారాండి అన్నయ్యగారూ?" అన్నారు నేరేడులంక సర్పంచి విజయదుర్గగారు.

"ఊరి తరఫున మాట్లాడుతున్నానమ్మా. మీ పిల్లలు మా ఇళ్ళకి కోడళ్ళుగా వస్తారు. అంటే మేం మగపెళ్ళివారం. మేనత్త మావేపే ఉంటుంది."

"వచ్చేవారండి. వంతెన పోయేక మీ ఊరికి ఒక్క పిల్లనిచ్చేమేంటండీ? పురిటికి తీసుకెళ్ళడానికి దారిలేని ఊరికి పిల్లనిచ్చే బుద్ధిలేనివాళ్ళు మా ఊళ్ళో లేరండి."

"మీరు నోరు కాస్త అదుపులో పెట్టుకోండమ్మా."

"మీరే ముందు మూసుకోండి అన్నయ్యగారూ, దయచేసి."

మాస్టారు ఏదో అనబోయేరు. వంతెన అన్న మాట ఆ గదిలోకి వచ్చిందని, దాన్ని పట్టుకోవాలని. కాని మంత్రిగారు చెయ్యెత్తి సిద్ధాంతిగారిని అడిగేరు.

"శాస్త్రం చెప్పండి. పాయకి తండ్రెవరు?"

"గోదావరిని తెచ్చినాయన గౌతముడు కనక, ఆయన్నే తండ్రనుకోవాలండి. ఆయనకి అక్కచెల్లెళ్ళున్నట్టు నేను చదివినవాటిలో కనబడలేదండి."

"అంటే ఆ పోస్టు ఖాళీ."

"ఆయ్."

"ఎప్పట్నుంచీ?"

"కృతయుగంనుంచీ అనుకోవచ్చండి."

"గత ప్రభుత్వాలు ఏం చేస్తున్నట్టు?" అన్నారు తాతాజీగారు బాధగా. వెంటనే రెండు ఊళ్ళనీ ఇన్‌చార్జి మేనత్తలుగా నియమించేరు. మేనమామ బాధ్యత శాఖే వహిస్తుందన్నారు. బడ్జెట్టు లేదని పి.ఏ.గారు చెవిలో గుర్తుచేస్తే, సుదర్శన్‌గారు చూసుకుంటారన్నారు. అప్పటిదాకా నిలబడి ఉన్న సుదర్శన్‌గారు కూర్చున్నారు.

తరవాత, ఊయల ఏ గట్టున కట్టాలన్న తగువు వచ్చింది. మంత్రిగారు దానినీ నిమిషంలో తేల్చేరు.

"మధ్యలో కట్టండి."

"మధ్యలో నీళ్ళున్నాయండి" అన్నారు సూరయ్యగారు.

"వంతెన వెయ్యండి."

ఏడేళ్ళుగా ఆ మాట తనొక్కరే అంటూ వచ్చిన మాస్టారు, అది ఇంకొకరి నోటినుంచి వస్తే ఎలా ఉంటుందో అప్పుడే విన్నారు. చాలా తేలిగ్గా ఉంది.

"ముందు ఎస్టిమేటు వెయ్యాలండి. ఆ పైన సాంక్షను, టెండరు, పునాదికి మట్టి పరీక్ష..." అన్నారు సుదర్శన్‌గారు.

"గురువారం ముహూర్తం."

"అయితే బుధవారానికి వేసేస్తామండి."

వేసేరు. ద్రాక్షారామం రోడ్డులో పెళ్ళిపందిళ్ళు వేసే ఏసుపాదం లారీతో దిగేడు. కింద ఇనప డ్రమ్ములు, వాటిమీద వెదుళ్ళు, వెదుళ్ళమీద పెళ్ళివేదికల బల్లలు, బల్లలమీద ఎర్ర తివాచీ పరిచేడు. ఈసారి రెండువేపులా పట్టుకోడానికి బొంగులు కట్టేడు. రెండు రోజుల పని. బుధవారం మధ్యాహ్నానికి మొగలిపూడికి వంతెనొచ్చేసింది.

సాయంత్రం మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని దానిమీద నడిచేరు. అవతలి గట్టు ఎక్కి, కాస్సేపు నిలబడ్డారు. అవతల ఆయనకి పనేం లేదు. తిరిగి వచ్చేరు.

మధ్యలో శ్రీవల్లి ఎదురైంది. పక్కింటి రమణమ్మగారి కూతురు, ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకుంది, పురిటికి పుట్టింటికి వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అడుగే వేస్తోంది.

"అమలాపురం వెళ్ళి డాక్టరమ్మకి చూపించుకొస్తున్నామండి మాస్టారూ. పడవెక్కకుండా వెళ్ళొచ్చేం. ఎంత బావుందో!"

"జాగ్రత్తమ్మా. డాక్టరమ్మ ఏమంది?"

"మొదటి కాన్పుకి చేసినట్టే మళ్ళీ ఆపరేషనే చెయ్యాలందండి" అన్నారు రమణమ్మగారు. "పుష్కరాల్లో నిండుతాయిట నెలలు. అప్పటికి గోదారి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు కదండీ."

"దీన్ని ఉంచుతారాండి అప్పటిదాకా?" అంది శ్రీవల్లి, కాలితో బల్లని మెల్లిగా నొక్కి చూస్తూ.

"అడుగుతానమ్మా" అన్నారు మాస్టారు.

ఆయనకి అవకాశం కూడా ఉంది. మంచి తెలుగు రాస్తారని స్వాగతోపన్యాసం ఆయన్నే చదవమన్నారు. మాస్టారు పేజీ నిండా మంత్రిగారిని పొగిడేరు. చివర ఒకే ఒక్క వాక్యం తనకోసం దాచుకున్నారు.

గురువారం రెండు గట్లూ జనంతో నిండిపోయేయి. తాతాజీగారు నేరేడులంక వేపు కారు దిగి, అక్కడ దండలు వేయించుకుని, వంతెనమీద నడిచి మొగలిపూడి వచ్చి, ఇక్కడ దండలు వేయించుకుని, మళ్ళీ నడిచి మధ్యకి వెళ్ళేరు. ఫొటోగ్రాఫర్లు పడవల్లోంచి ఫొటోలు తీసేరు. నీళ్ళమీద ఎర్ర తివాచీ, దానిమీద తెల్లబట్టల్లో మంత్రిగారు, వెనక కొబ్బరితోటలు. చూడముచ్చటగా ఉంది.

వంతెన నడిమధ్య నాలుగు వెదుళ్ళకి ఊయల కట్టేరు. బిడ్డ స్థానంలో ఇత్తడి బిందె పడుకోబెట్టేరు. అందులో పాయ నీళ్ళు పోసి, మూతికి గుడ్డ బిగించి, పట్టుబట్ట చుట్టి, దిష్టి తగలకుండా కాటుకచుక్క పెట్టేరు. మేనత్తలిద్దరికీ శాఖ తరఫున పట్టుచీరలు పెట్టేరు. సూరయ్యగారు తన చీర మడత విప్పకుండా భుజాన వేసుకుని, జరీ ఎంతుందో వేలితో రాసి చూసుకున్నారు.

"చెవిలో పేరు చెప్పాలండి" అన్నారు సిద్ధాంతిగారు.

"చెవెక్కడండి?" అన్నారు విజయదుర్గగారు.

"మూతి దగ్గర చెప్పండి, చాలు."

విజయదుర్గగారు వంగి, నేరేడుపాయ అని మూడుసార్లు ముద్దుగా చెప్పేరు. సూరయ్యగారు వంగి, మొగలిపాయ అని మూడుసార్లు, అవతలి గట్టుకి కూడా వినబడేలా చెప్పేరు. బిందె ఎటూ తేల్చలేదు. అప్పుడు మంత్రిగారు వేలికున్న ఉంగరం తీసి, బియ్యం పోసిన పళ్ళెంలో ఒక పేరు రాసి, మైకు అందుకున్నారు.

"నదిని మనం తల్లి అంటాం. ఎవరి తల్లి అన్న విషయం మాత్రం మన పెద్దలు తేల్చకుండా వదిలేసేరు. ఆ లోపాన్ని ఈ రోజు మా ప్రభుత్వం సవరిస్తోంది. ఈ నది పేరు సూరమ్మపాయ. మా అమ్మగారి పేరు."

మొగలిపూడివాళ్ళు నేరేడులంక వేపు చూసేరు. నేరేడులంకవాళ్ళు మొగలిపూడి వేపు చూసేరు. తమకి రాని పేరు ఎదటివాళ్ళకీ రాలేదని అర్థమయ్యేక చప్పట్లు మొదలయ్యేయి. అంత ఐకమత్యంతో ఆ రెండు ఊళ్ళూ ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు.

"పోనీలెండి, మీదైతే రాలేదు" అన్నారు విజయదుర్గగారు సంతోషంగా.

"మీదీ రాలేదు కదమ్మా, అదే చాలు" అన్నారు సూరయ్యగారు అంతకన్నా సంతోషంగా.

మాస్టారు మైకు ముందుకి వచ్చి స్వాగతం చదివేరు. కార్యక్రమంలో అది మొదట రావలసింది, ఎందుకో చివరికి వచ్చింది. పొగడ్త అయ్యేదాకా మంత్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు. మాస్టారు గొంతు సవరించుకుని చివరి వాక్యం చదివేరు.

"ఈ రెండు ఊళ్ళకీ ఏడేళ్ళుగా దారి లేదు కనక, మేమంతా నిలబడి ఉన్న ఈ వంతెనని తీసివేయకుండా, గట్టి వంతెన కట్టేదాకా ఉంచవలసిందని ప్రార్థిస్తున్నాం."

తాతాజీగారు కళ్ళు తెరిచేరు.

"వంతెనమీద నిలబడి వంతెన కావాలనడం కోనసీమవాళ్ళకే చెల్లింది మాస్టారూ!"

జనం విరగబడి నవ్వేరు. మాస్టారి వెనక నిలబడ్డ పోలీసాయన కూడా నవ్వేడు.

"అడిగేరు కాబట్టి, ఇప్పుడే, ఇక్కడే, మీ అందరి ఎదటా ఈ సూరమ్మ వంతెనని జాతికి అంకితం చేస్తున్నాను. రిబ్బనేదీ?"

రిబ్బను ఎవరూ తేలేదు. ఊయలకి ముచ్చటగా ఒక రిబ్బను కట్టి ఉంది. కత్తెర కూడా లేకపోతే, పందిరి తాళ్ళు కోసే కత్తి ఏసుపాదం అందించేడు. మంత్రిగారు రిబ్బనుతో పాటు పక్కనున్న తాడు కూడా కోసేరు. ఊయల ఒరిగింది. బిందె దొర్లి, పట్టుబట్టతో సహా నీళ్ళలో పడి, రెండు బుడగలు వదిలి మునిగిపోయింది.

ముందుగా తేరుకున్నది తాతాజీగారే.

"చూసేరా! నది నదిలో కలిసింది" అన్నారు.

అంతా దణ్ణం పెట్టుకున్నారు.

మంత్రిగారి కార్లు వెళ్ళిన గంటకి ఏసుపాదం మనుషులు తివాచీ చుట్టడం మొదలుపెట్టేరు. మాస్టారు పరుగులాంటి నడకతో గట్టుమీదకి వచ్చేరు.

"ఇదేంటయ్యా ఏసుపాదం? ఇందాకే మంత్రిగారు ప్రారంభించేరు కదా!"

"ఆయ్, ప్రారంభించేరండి. పెళ్ళివారు కూడా మా పందిట్లోనే పెళ్ళి చేసుకుంటారండి. అలాగని పందిరి వాళ్ళతో కాపరానికి వెళ్ళదు కదండీ."

"రెండు నెలలు ఉంచలేవా? చందాలు వేసుకుని అద్దె ఇస్తాం."

ఏసుపాదం తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాకు మాత్రం తియ్యాలనుందాండి మాస్టారూ? రేపు ద్రాక్షారామంలో పెళ్ళండి. ఈ వెదుళ్ళే పందిరి, ఈ బల్లలే పెళ్ళివేదిక. ఆడపెళ్ళివారికి మాటిచ్చేసేనండి. ఆడపిల్ల పెళ్ళి కదండీ."

మాస్టారు అవతలి గట్టువేపు చివరి డ్రమ్ము విప్పేదాకా నిలబడి, ఇంటికి వెళ్ళేరు.

సోమవారం ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళేరు. సుదర్శన్‌గారు ఎప్పట్లాగే లేచి కుర్చీ వేసేరు.

"అభినందనలండి మాస్టారూ. మీ పట్టుదల ఊరికే పోలేదు. పేరు తేలింది. పటాల్లో ఇప్పుడు ఒకటే పాయ. రెండు గట్లూ దానివే. లంక లేదు."

"అయితే వంతెన కట్టడానికి ఇబ్బంది లేదు కదండీ?"

"కట్టేసేం కదండీ."

"అదే రోజు విప్పేసేరండి."

"విప్పినట్టు మాకు కాయితం రాలేదండి."

"మీరొకసారి వచ్చి చూడండి."

"వస్తే కనబడుతుందండి. అందుకే రావడం లేదు" అన్నారు సుదర్శన్‌గారు నిజాయితీగా. కుర్చీ దగ్గరకి లాక్కుని, గొంతు తగ్గించేరు. "నా పరిస్థితి ఆలోచించండి మాస్టారూ. మంత్రిగారు అంతమంది జనం ఎదట ఆ గట్టునుంచి ఈ గట్టుకి నడిచి వచ్చేరు. అన్ని పేపర్లలోనూ ఫొటో వచ్చింది. ఇప్పుడు అక్కడ వంతెన లేదని నేను పైకి రాస్తే, ఆయన నీళ్ళమీద నడిచేరని రాసినట్టవుతుందండి."

మాస్టారు లేచి, నమస్కారం పెట్టి వచ్చేసేరు.

ఆషాఢంలో రెండు గట్లమీదా పచ్చరంగు బోర్డులు పాతేరు. సూరమ్మపాయ అని పెద్ద అక్షరాలతో రాసేరు, తప్పుల్లేవు. నెలాఖరుకి గోదావరికి ఎర్రనీరు తగిలింది. పడవ కట్టేసేరు. పుష్కరాల్లో శ్రీవల్లికి నెలలు నిండేయి.

వంతెన కట్టలేదు.